పన్నెండో అధ్యాయంలో పోయిన టైలరమ్మ

టైలరమ్మ తన మొగుడు రాసిన నవలలో పన్నెండో అధ్యాయంలో చనిపోయింది. అప్పట్నుంచి ఆమెకు గిరాకీ తగ్గింది.

ఇందులో వింతేమీ లేదు. ఆయన పగలు నీటి సరఫరా ఆఫీసులో గుమాస్తా, సాయంత్రం నవలాకారుడు. ఊహాశక్తి అంతంత మాత్రం. కనబడిందల్లా రాసేశాడు: ముందుగదిలో కుట్టుమిషను, కొలతలు తీసే మూలన పూల తెర, పగిలిన అద్దం, "రేపు రండి, ఇచ్చేస్తాను" అని ఆమె తడుముకోకుండా ఆడే అబద్ధం, చివరికి మెడలో టేపుతోనే నిద్రపోయే అలవాటు కూడా. ఇవన్నీ నిజమైనప్పుడు చావొక్కటే కల్పితమని జనం ఎందుకనుకుంటారు?

పైగా ఆయనకో జబ్బుంది. మిషను చప్పుడు వినబడితే తప్ప కలం కదలదు. ఆమె దుప్పట్ల అంచులు కుడుతుంటే వాక్యాలు గుక్కతిప్పుకోకుండా సాగేవి. జేబులు కుట్టే రోజున ముక్కలు ముక్కలుగా పడేవి. విమర్శకులు దాన్ని శైలి అన్నారు.

నవల కాలేజీల్లో పాఠ్యపుస్తకమైంది. వీధిలోకి కొత్తగా వచ్చినవాళ్ళు ఆ ఇంటి ముందు కాసేపు ఆగి, నిట్టూర్చి, బట్టలు పట్టుకుని మలుపులోని కొట్టుకు వెళ్ళిపోయేవారు. ఒకావిడ మాత్రం ధైర్యం చేసి లోపలికొచ్చింది. మిషను చూసి కళ్ళొత్తుకుంది.

"మీరు రెండో భార్యా అండీ?"

"మొదటిదాన్నే. కొలతలివ్వండి," అంది టైలరమ్మ.

ఆవిడ కొలతలివ్వలేదు. మోసపోయినట్టు మొహం పెట్టుకుని వెళ్ళిపోయింది.

కొత్త ముద్రణ వస్తోందని తెలియగానే టైలరమ్మ పట్టుబట్టింది. ఆమె ఆ నవల చదవడం పదకొండో అధ్యాయంతో ఆపేసింది. తన చావు తనే కూర్చుని చదువుకోవడం ఆమెకు నచ్చలేదు.

"ఏమండీ, నన్ను బతికించండి. ప్రాణం ఉండగానే చేతిలో పని పోతోంది."

"నువ్వు బతికితే నవల చచ్చిపోతుందే!"

"అయితే సరే," అందామె. ఆనాటి నుంచి ఆయన కలం పట్టుకున్నప్పుడల్లా మిషను ఆపేసి, చేత్తో బొత్తాలు కుట్టుకుంటూ కూర్చునేది. ఆయన రెండో నవల మొదటి పేజీలోనే చతికిలబడింది. పాపం, ఆఫీసు ఫైళ్ళు ఇంటికి తెచ్చుకుని చూసుకునే స్థితికొచ్చాడు.

చివరికి ఒక సాయంత్రం నోరు విప్పాడు.

"ఆ అధ్యాయం నువ్వు ఆసుపత్రిలో ఉన్నప్పుడు రాశానే. డాక్టరు ఏ సంగతీ తేల్చలేదు. ఇంటికొస్తే చప్పుడు లేదు. ఉండబట్టలేక నేనే కూర్చుని మిషను తొక్కుతూ రాశాను."

"రాయడానికి నా చావే దొరికిందా?"

"భయమేసిందే. నువ్వు తిరిగి రావనుకున్నాను. కాగితం మీద ఆ ముచ్చట కానిచ్చేస్తే అక్కడ జరగదేమోనని... పిచ్చి. అంతే."

టైలరమ్మ మిషను వైపు చూసింది.

"గుడ్డ పెట్టకుండానే తొక్కారా?"

"గుడ్డెందుకు? నేనేం కుట్టలేదుగా."

ఆమె తల పట్టుకుంది. ఆసుపత్రి నుంచి వచ్చేసరికి మిషనులో గుడ్డను ముందుకు లాగే పళ్ళు అరిగిపోయి ఉన్నాయి. గుడ్డ లేకుండా తొక్కితే అంతే మరి. ఆ రోజుల్లో పగలు వచ్చి వండిపెట్టి వెళ్ళిన తోడికోడలే మిషనును ఎవరినో వాడుకోనిచ్చిందని తేల్చేసి, ఆమెతో మాటలు మానేసింది. మొగుడి మీదకు అనుమానమే పోలేదు. ఆయనకు సూదిలో దారమెక్కించడం కూడా రాదు.

"రేపు పొద్దున్నే వెళ్ళి మీ వదినగారికి మీరే చెప్పండి."

"చెప్తాను. మరి ఆ అధ్యాయం?"

ఆమెకు కోపం రావాల్సింది. రాలేదు. ఖాళీ ఇంట్లో ఉత్త మిషను తొక్కుతున్న మనిషి కళ్ళకు కట్టాడు. తను లేకపోతే ఆయన ఏమైపోయేవాడో ఆమెకు అప్పుడే తెలిసింది.

"అలాగే ఉండనివ్వండి. నాకో బోర్డు రాసిపెట్టండి, చాలు."

నవలాకారుడు ఆ బోర్డుతో సాయంత్రమంతా కుస్తీపట్టాడు. 'ఇక్కడ బట్టలు కుట్టబడును. టైలరు బతికే ఉంది.' ఆమె చూసి తలూపింది. మిషనులో గుడ్డ పెట్టింది.

"ఇప్పుడు చదవండి, ఆ పన్నెండోది. వింటాను."

ఆయన చదివాడు. చావు దగ్గరకొచ్చేసరికి ఆగిపోయాడు.

టైలరమ్మ తొక్కడం ఆపలేదు.

"కానివ్వండి," అంది. "ఇక్కడే ఉన్నాగా."