పిందెల పొట్లం

2023 మే నెల. నూజివీడులో ఓ కాలేజీ ల్యాబు. చుట్టూ తోటల్లో మామిడి కాయ కోతకొచ్చింది. లోపల మేము ఫ్యాను కూడా వేసుకోకుండా కాయలతో పోటీపడి మగ్గుతున్నాం. నేను అక్కడ అటెండర్ని. సైన్సుకు జడిసి ఏడో తరగతిలో బడి ఎగ్గొట్టినవాణ్ణి, యాభై దాటాక ఆ సైన్సే నాకు జీతమిచ్చింది.

బంగాళాఖాతం అడుగు నుంచి గొట్టంతో తీసిన బురదను నేను ఏ పొరకాపొర జల్లెడలో కడిగి ఆరబెడతాను. మిగిలిన ఇసుకలో ఫొరామినిఫెరా ఉంటాయి. అంటే ఒకే కణమున్న జీవుల గుల్లలు, వేల ఏళ్ళ నాటివి. వాటిని మైక్రోస్కోప్ కింద తడి కుంచెతో ఏరి స్లైడు మీద పెట్టడమే పికింగ్. ఊపిరి బిగబట్టి చెయ్యాలి. ఒక్క తుమ్ము తుమ్మితే పాత సముద్రమంతా గోడకు అంటుకుంటుంది. ఫ్యాను లేనిదీ అందుకే.

పికింగ్‌కు ఆగిరిపల్లి నుంచి నాగమణిని తెచ్చింది నేనే. మండీలో కాయ గ్రేడింగ్‌కు, అంటే సైజు చూసి పెద్దవీ చిన్నవీ వేరుచెయ్యడానికి, ఆమె పెట్టింది పేరు. అంతకుముందు చలికాలంలో పురిట్లోనే బిడ్డ పోయాడు. ఇంట్లో ఉండలేకపోతోంది.

"ఏ పనైనా పర్లేదు బాబాయ్, పొద్దుగూకేదాకా బయట ఉంటే చాలు" అంది.

వారం తిరక్కుండానే మా ల్యాబు నడిపే మేడమ్ ఆమె స్లైడు చూసి ముఖం చిట్లించారు.

"అన్నీ లావుపాటి గుల్లలే! ఈ లెక్కన అప్పుడు సముద్రం అడుగున ఆక్సిజన్‌కు కొదవే లేదు. ఈ పొరలో అలా ఉండకూడదే. మిగతావేవి నాగమణీ?"

"పిందెలాండీ? పక్కకు తీసేశానండి."

ఆ పొర బురద ఇంక లేదు. పని పోతే ఈ పిల్ల మళ్ళీ ఆ ఇంట్లోనే కూర్చోవాలి.

"ఏంటమ్మాయ్, సముద్రాన్ని కూడా గ్రేడింగ్ చేసేశావా?" అన్నాను, నవ్వించి గండం గట్టెక్కిద్దామని. ఎవరూ నవ్వలేదు.

"పారేశావా?" అన్నారు మేడమ్.

"పిందెలెవరన్నా పారేస్తారాండీ? పచ్చడికి పోతాయిగా" అంటూ నాగమణి సొరుగులోంచి కాగితం పొట్లం తీసింది.

అందులోవి మైక్రోస్కోప్ కింద చూసి మేడమ్ గట్టిగా ఊపిరి వదిలారు. తర్వాత నాగమణికి చూపించారు.

"ఇవి పిందెలు కాదమ్మా, పూర్తిగా పెరిగినవే. ఆక్సిజన్ బాగా ఉన్నచోట లావుగా, గుండ్రంగా ఉండేవి ఎక్కువ. అది తక్కువైనచోట ఇవిగో, ఇలా చిన్నగా, పల్చగా, సన్నటి రంధ్రాలతో ఉండేవి నిలుస్తాయి. ఏవి ఎన్నున్నాయో చూసి అప్పటి నీళ్ళ సంగతి అంచనా వేస్తాం."

నాగమణి లెన్సు మీంచి కన్ను తియ్యలేదు.

"గాలి అందకపోయినా బతికాయాండీ?"

"కొంచెమే అందినా బతికాయి."

"ఎలాగండీ?"

"తరతరాలుగా అలవాటు పడ్డాయమ్మా."

"మా వాడికీ గాలి అందలేదన్నారండి ఆస్పత్రిలో" అంది నాగమణి. "వాడికంత టైమెక్కడిది."

మేడమ్ కిటికీ వైపు తిరిగారు. నేను ట్రే ఒకటి కడిగి తుడిచి నాగమణి ముందు పెట్టాను.

ఆమె పని పోలేదు. గుల్ల చిన్నగా కనిపిస్తే, అది ఎలాంటి నీళ్ళలో బతికిందో ముందు అడగాలని నేను నేర్చుకున్నది ఆ రోజే. నాగమణి పొట్లంలోవన్నీ ట్రేలో పోసి మళ్ళీ మొదటి నుంచి ఏరింది. ఒక్కో గుల్లనూ కుంచెతో ఎత్తేటప్పుడు ఊపిరి బిగబట్టేది. స్లైడు మీద పెట్టేశాక కూడా కాసేపు వదిలేది కాదు.