కుక్కకు మచ్చు చూసిన ఇల్లు

మా పాప నోట మొదట వచ్చిన మాట అమ్మ. రెండోది వద్దు. ఆ రెండోదాన్ని మేమే నేర్పాం. మూడో ఏట పాపకి ఆయాసం పట్టుకుంది. అప్పటినుంచీ పరిగెత్తొద్దు, ఐసు వద్దు, వానలోకి వద్దు, మైపాడు సముద్రానికి అసలే వద్దు. స్కూల్లో ఆటల పీరియడ్‌కి మిగతా పిల్లల చెప్పులకి కాపలాగా దీన్ని చెట్టు కింద కూర్చోబెడుతున్నారని తెలిసిన రోజున వెళ్ళి గంటసేపు గొడవపడి వచ్చాను. అక్కడ ఏమీ మారలేదు గాని నా కడుపుమంట కొంచెం చల్లారింది.

తొమ్మిదో పుట్టినరోజుకి ఏం కావాలే అని అడిగితే, కుక్క కావాలంది.

మాది బుచ్చిరెడ్డిపాలెం. మామయ్యది వడ్ల వ్యాపారం. మా ఆయన నెల్లూరులో ఉద్యోగానికి రోజూ బండి మీద వెళ్ళొస్తాడు. ఇంటి పెత్తనం అత్తయ్యది. కుక్క మాట వినగానే ఆవిడ చేతిలో పని ఆపి నా వైపు తిరిగింది.

"బాగుండాదమ్మా! ఊపిరాడని బిడ్డకి కుక్కంట. రేపు చుట్ట కావాలంటాది, అదీ తెచ్చిపెట్టు."

అంతవరకూ నాకూ కుక్క మీద పెద్ద ఇష్టం లేదు. ఆ ఎకసెక్కం విన్నాక మాత్రం పట్టుదల వచ్చింది. ఈ పిల్లకి జన్మంతా చెప్పుల కాపలాయేనా?

అలాగని కళ్ళు మూసుకుని దూకలేదు. నెల్లూరులో పాపని చూసే డాక్టరు గారిని అడిగాను. ఆయన వద్దనలేదు, సరేనని కూడా అనలేదు. అసలు బొచ్చు రాలని కుక్క అంటూ ఉండదన్నారు. తక్కువ రాలేవి ఉంటాయి. కొందరికి బొచ్చు కంటే చర్మం మీది పొట్టు, నోటి చొంగ ఎక్కువ పడవు. చిన్న కుక్కయితే కడగడం సులువు. మంచం ఎక్కనివ్వకూడదు. అన్నిటికంటే ముందు, ఇంటికి తెచ్చే లోపల పాపని దాని దగ్గర నాలుగైదుసార్లు కూర్చోబెట్టి చూడాలి. ఆయాసం వచ్చిన ప్రతిరోజూ ఆ రోజు ఏం జరిగిందో నోటుబుక్కులో రాసిపెట్టమని కూడా చెప్పారు. ఎప్పటిలాగే, ఇంట్లో దుమ్ము ఏమైనా ఉంటుందా అని అడిగారు. ఎప్పటిలాగే, లేదండీ, రెండు పూటలా తుడుస్తాను అన్నాను.

మా వీధిలో చిన్న కుక్క అంటే ఒకటే, తెల్లటి పమేరియన్. ఎవరిని అడిగినా అదే తెచ్చుకోమన్నారు. అది ఉన్న ఇంటికి వెళ్ళి చూస్తే సోఫా కూడా బొచ్చు మొలిచినట్టుంది. నెల్లూరులో ఒక రిటైరైన టీచరమ్మ, పెంచినవాళ్ళు వదిలేసిన కుక్కల్ని చేరదీసి, అడిగినవాళ్ళకి ఊరికే ఇస్తారని విన్నాం. ఒక ఆదివారం నేనూ పాపా బయలుదేరుతుంటే మామయ్య చెప్పులు వేసుకున్నారు.

"నేనూ వస్తా ఉండా. వద్దని చెప్పేదానికే."

ఆవిడ ఇంట్లో చిన్న కుక్కలు మూడున్నాయి. మామయ్య వద్దని చెప్పడం మరిచిపోయి మచ్చు చూడటం మొదలుపెట్టారు. వడ్లు కొనేవాళ్ళు బస్తాలోంచి గుప్పెడు తీసి చూస్తారు, దాన్ని మచ్చంటారు. మామయ్య ఆ గుప్పెడు వడ్లనీ రెండు అరచేతుల మధ్య నలిపి, ఉఫ్ అని ఊది, మిగిలిన గింజల్ని చూసి పంట సంగతంతా చెప్పేస్తారు. కుక్కల్ని కూడా అలాగే చూశారు. తెల్లదాని వీపు మీద చెయ్యి రుద్ది ఊదితే గదంతా బొచ్చు ఎగిరింది. రెండోది పొట్టి బొచ్చుది, ఇది రాలదులే అనుకున్నాను. దాని బొచ్చు తవుడులా మామయ్య పంచెకి అంటుకుని వదల్లేదు. మూడోది ఆడకుక్క, ఐదారేళ్ళదట. ముదురు బెల్లం రంగు, ఉంగరాల బొచ్చు, ఎడమ చెవి సగం లేదు. పెంచినవాళ్ళు ఇల్లు మారుతూ గేటుకి కట్టేసి వెళ్ళిపోయారట. మామయ్య దాని వీపు రుద్దారు, పొట్ట రుద్దారు, తోక దగ్గర కూడా రుద్దారు. బస్తా పైన మంచి గింజ పోసి అడుగున చెత్త దాచేవాళ్ళని ఎంతమందిని చూసుంటారు! అరచేతిలో రెండంటే రెండు వెంట్రుకలు మిగిలాయి.

"దీంట్లో తాలు లేదు" అన్నారు. పాప ఎగిరి గంతేస్తే వెంటనే గొంతు మార్చారు. "తీసుకోమని నేను అన్లా. సరుకు సంగతి చెప్పినా, అంతే."

నాలుగు ఆదివారాలు తిరిగాం. పాప నేల మీద కూర్చునేది, కుక్క వచ్చి మోకాలి మీద గడ్డం పెట్టేది. నేను ఎదురుగా కూర్చుని పాప ఊపిరి వింటూ ఉండేదాన్ని. నాలుగు ఆదివారాలూ ఏమీ కాలేదు. ఐదోసారి ముగ్గురం ఆటోలో ఇంటికి వచ్చాం, పాపా నేనూ కుక్కా.

రాలని బొచ్చు చిక్కులు పడుతుందని ఇంటికి వచ్చాకే తెలిసింది. రోజూ పెరట్లో కూర్చుని నేనే దువ్వేదాన్ని, వారానికోసారి నీళ్ళు పోసేదాన్ని, కత్తెరతో కత్తిరించేదాన్ని. మొదటిసారి నా కత్తిరింపు చూసి అత్తయ్య చెంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. వంటింటి గడప దాటకూడదని ఆవిడ, మంచం ఎక్కకూడదని నేను దానికి హద్దులు పెట్టాం. అది రెండూ పాటించింది. మూడు నెలలు పాపకి మందు ఆవిరి పీల్చే మిషను పెట్టాల్సిన అవసరమే రాలేదు. చెప్పుల దగ్గర కదలకుండా ఎలా కూర్చోవాలో పాప కుక్కకి శ్రద్ధగా నేర్పింది. తనకి బాగా వచ్చిన విద్య అదేగా. అది చూసి నాకు ఏడుపొచ్చింది.

కోతలు మొదలయ్యాయి. వారం తిరిగేసరికి పాపకి ఆయాసం తిరగబెట్టింది. భుజాలు ఎగరేస్తూ, మెడ దగ్గర గుంటలు పడుతూ. మిషను పెట్టి, తగ్గాక చూస్తే, ఇంట్లో అందరి చూపులూ కుక్క మీదే ఉన్నాయి. ఏటా ఈ రోజుల్లో ఆయాసం వస్తూనే ఉంది. ఇదివరకు ఎండల మీద తోసేవాళ్ళం, ఇప్పుడు తోయడానికి నాలుగు కాళ్ళది ఒకటి దొరికింది. గూడూరు నుంచి ఆడబిడ్డ ఫోన్ చేసి, "బిడ్డ కంటే కుక్క ఎక్కువైపోయిందా నీకు?" అంది. ఆ మాటకి నా ఒళ్ళు మండిపోయింది. మా ఆయన మాత్రం నెమ్మదిగా, "ఆదివారం తిరిగి ఇచ్చేద్దాం. ఇంకో దారి లేదు" అన్నాడు. పాప ఏడవలేదు. "నాకేం కాలేదు, నాకేం కాలేదు" అంటూ దగ్గు ఆపుకోవడం మొదలుపెట్టింది. దగ్గు ఆపుకుంటే కుక్క ఉంటుందని దాని ఆశ. ఆయాసం కంటే నాకు అదే ఎక్కువ భయం వేసింది.

ఆ మధ్యాహ్నం నోటుబుక్కు తీసి మొదటినుంచీ చదివాను. ఆయాసం వచ్చిన ప్రతిసారీ సాయంత్రమే. మధ్యలో రెండు రోజులు ఏమీ లేదు. ఆ రెండు రోజులూ కుక్క ఇంట్లోనే ఉంది. లేనిది మామయ్య. మనుబోలులో పెళ్ళికి వెళ్ళారు.

మామయ్య రోజూ సాయంత్రం వడ్ల దగ్గర్నుంచి అలాగే ఇంటికి వస్తారు. చొక్కా, తువ్వాలు, కనుబొమలు అన్నీ బూడిదరంగులో ఉంటాయి. వాకిట్లో అడుగు పెట్టగానే పాప ఒళ్ళోకి ఎక్కేస్తుంది. ఆయన జేబులోంచి ఆ రోజు మచ్చు తీసి దాని బుల్లి అరచేతుల్లో పోస్తారు. అది నలుపుతుంది. ఇద్దరూ కలిసి ఉఫ్ అని ఊదుతారు. పాపకి నాలుగేళ్ళు వచ్చినప్పటినుంచీ వాళ్ళ ఆట అది. ఇన్నేళ్ళుగా దుమ్ము ఉందా అని డాక్టరు అడిగితే లేదని చెప్పింది నేనే, అబద్ధం అనుకుని కూడా చెప్పలేదు. మా ఇంట్లో వడ్ల మీదనుంచి లేచేదాన్ని ఎవరూ దుమ్మనరు. అది తగిలితే తుడుచుకోరు కూడా, లక్ష్మి కదా.

ఆదివారం పొద్దున ఆటో వచ్చి గుమ్మం ముందు ఆగింది. పాప కుక్క మెడ పట్టుకుని కూర్చుంది. నేను నల్ల గొడుగు తెచ్చి వాకిట్లో తెరిచి బోర్లించాను. కుక్కని దాని పైకి వంచి దువ్వాను. నాలుగు వెంట్రుకలు పడ్డాయి. తర్వాత దండెం మీదనుంచి మామయ్య నిన్న విప్పిన చొక్కా తెచ్చి అదే గొడుగు మీద దులిపాను. ఎండలో పొగలా లేచింది. జేబులోంచి నూగు, పొట్టు, ఒక వడ్ల గింజ రాలాయి. గొడుగు నలుపు కనబడలేదు.

"మచ్చు చూడండి మామయ్యా" అన్నాను. "కుక్కని పంపించాలంటే ఈ చొక్కాని కూడా ఆటో ఎక్కించండి."

అత్తయ్య అరిచింది. "ఏందిమే నువ్వు చెప్పేది? అన్నం పెట్టే వడ్లు పడవా బిడ్డకి? లక్ష్మిని దుమ్మంటావా?"

"లక్ష్మిని కాదనలేదు అత్తయ్యా. వాకిట్లో దులుపుకుని, కాళ్ళు కడుక్కుని లోపలికి రమ్మంటున్నా."

మామయ్య గొడుగు దగ్గర కూర్చున్నారు. ఆ దుమ్ముని వేలితో తీసి, రెండు వేళ్ళ మధ్య నలిపారు. ఊదబోయి, పాప వైపు చూసి ఆగిపోయారు. నేను అంత మాట అన్నందుకు కోప్పడతారనుకున్నాను. ఆయన ముఖం చూస్తే, తిట్టినా బాగుండును అనిపించింది.

"ఇన్నేళ్ళూ నేనే ఊదిస్తి గదా" అన్నారు. తర్వాత లేచి, ఆటో అతన్ని వెళ్ళిపొమ్మన్నారు.

డాక్టరు గారికి జరిగిందంతా చెప్పాను. వడ్ల దుమ్ము చాలామందికి పడదని, కుక్క మీద కూడా ఒక కన్ను వేసి ఉంచమని, నోటుబుక్కు ఆపొద్దని చెప్పారు. ఆపలేదు. కోతలు ముగిసేలోపు అందులో ఇంకో రెండు రోజులే ఎక్కాయి. ఆడబిడ్డ ఇప్పటికీ ఫోన్‌లో, ఆ కుక్కని ఇంకా పంపించలేదా అని అడుగుతూనే ఉంటుంది. లేదు వదినా, పంపించను అంటాను. సంజాయిషీ చెప్పడం మానేశాను. వచ్చే ఏడాది పాప ఆటల పీరియడ్‌లో మందు జేబులో పెట్టుకుని ఆడుతుందని స్కూలుకి కాగితం రాసిచ్చాను, డాక్టరు గారి సంతకంతో సహా. ఈసారి చెప్పులు వాళ్ళనే చూసుకోమన్నాను.

ఇప్పుడు మామయ్య సాయంత్రం వీధి గుమ్మంలోంచి రారు. పక్క సందులోంచి పెరట్లోకి వెళ్ళి, చొక్కా బకెట్లో ముంచి, తలస్నానం చేసి వస్తారు. మచ్చు జేబులో తేవడం లేదు. కళ్ళంలోనే తాను ఊదేసి, శుభ్రమైన గింజల్ని చిన్న డబ్బాలో పాపకి తెస్తారు. మొన్న పాపా కుక్కా పెరటి తలుపు గ్రిల్లు లోపల కూర్చుని, ఆయన చొక్కా దులపడం చూస్తున్నారు.

"తాతా, మన ఇంట్లో నీకే ఎక్కువ రాలతా ఉండాది" అంది పాప.

మామయ్య తల మీద చెంబుడు నీళ్ళు పోసుకుని ముఖం తుడుచుకున్నారు.

"అవును పాపా. నన్ను గూడా నాలుగు ఆదివారాలు చూసి తెచ్చుకోవాల్సింది."