కిటికీ బయట నవ్వాను

మా శీను పోయి ఇంకా ఏడాది తిరగలేదు. అందాకా పరాయి గడప తొక్కకూడదు కాబట్టి, ఈ సాయంత్రం ఎదురింటి అరుగు మీద కూర్చుని కిటికీలోంచి టీవీ చూశాను. వారం వారం వాడు చూసొచ్చి నాకు నటించి చూపించే హిందీ నవ్వుల సీరియల్ అది. అలిగిన భార్య కోసం మొగుడు అన్నం వండి మాడ్చేశాడు. పకపకా నవ్వాను. ఆ మాడన్నమే ఆమె ఇష్టంగా తింటుంటే కళ్లు తుడుచుకున్నాను.

"ఏందమ్మే, కొడుకు పోయినదానివి, ఆ నవ్వేంది?" అంది ఎదురింటి సుబ్బమ్మత్త.

"వాడుంటే ఇంకా గట్టిగా నవ్వేవోడు అత్తా. వాడి వంతు కూడా నేనే నవ్వుతన్నా."

ఇంటికొచ్చి, వాడి ఫొటో ముందు ఆ మొగుడి వేషమంతా వేసి చూపించాను. వచ్చే వారం కూడా వెళ్తాను. తప్పంటారా? చెప్పండి, వింటాను. వెళ్లడం మాత్రం మానను.