ఉప్పుమడి తొక్కిన నడక

నా ప్రతి అడుగును ఎరిగిన ప్రభువుకు స్తోత్రం. నేను కదలలేని దినాల్లోనూ నన్ను విడిచిపోని దేవునికే మహిమ.

వర్షాకాలంలో మా చర్చి మెట్ల మీద జారిపడి నా తుంటి ఎముక విరిగింది. ఎముక అతుక్కుంది గాని, లేచి నిలబడితే చాలు, కాళ్ళ కింద నేల జారిపోతున్నట్టే ఉండేది. ప్రభువు బల్ల ఇచ్చే ఆదివారాల్లో రొట్టె, పాత్ర నా కుర్చీ దగ్గరకే తెచ్చేవారు. అందరితో కలిసి నా కాళ్ళతో నేను బల్ల దగ్గరకు వెళ్ళాలన్నదే నా ప్రార్థన.

శ్రీకాకుళంలో నాకు వ్యాయామం చేయించే అమ్మాయి, నా భయం పోవాలని కళ్ళకు వీఆర్ అద్దాలు పెట్టింది. వాటిలో చూస్తే నిజంగా అక్కడే ఉన్నట్టు ఒక పక్క సముద్రం, ఎదురుగా తెల్లని బాట. చేతిలో మీట నొక్కితే బాట దానంతటదే సాగింది. నేను మాత్రం కుర్చీలో వెనక్కి వాలి ఉన్నాను. కళ్ళు వెళ్తున్నాయి, ఒళ్ళు వెళ్ళడం లేదు. కడుపులో తిప్పి, చెమటలు పట్టాయి.

"ఏటే, భావనపాడులో పడవెక్కినపుడూ ఇంతే. నా సొక్కా మీదే కక్కేసినావు," అన్నారు పక్కనే ఉన్న మా ఆయన.

"నవ్వండి నవ్వండి. ఇంక నాను పెట్టుకోను."

అమ్మాయి ఊరుకోలేదు. "అమ్మా, ఆ మీట ఒగ్గేయండి. ముందుకొచ్చి నిటారుగా కూకోండి. నడిసినట్టు పాదాలు ఒకటొకటిగా ఎత్తండి. మీరు తొక్కితేనే బాట కదుల్తాది," అంటూ కాళ్ళ కదలికను పసిగట్టే పట్టీలు పిక్కలకు కట్టింది.

తొక్కాను. బాట కదిలింది. నేను ఆగితే అదీ ఆగింది. కడుపు నెమ్మదించింది. ఆ తెలుపు మెల్లగా నౌపడ ఉప్పుమళ్ళ తెలుపైంది. ఉప్పునీరు పెట్టకముందు మడి అడుగు గట్టిపడాలని, చిన్నప్పుడు నాన్న నడుం పట్టుకుని ఆయన వెనకే మట్టి తొక్కేదాన్ని. ఎక్కడికీ వెళ్ళని నడక అది. చల్లని బంకమట్టి వేళ్ళ సందుల్లోంచి ఉబికేది. నాన్న కీర్తన ఎత్తుకుంటే ఆకాశం మా కాళ్ళ దగ్గరికి దిగినట్టుండేది.

"ఏటి పాడతన్నావే?" మా ఆయన గొంతు ఎక్కడో దూరం నుంచి వినిపించింది. పాడుతున్నానని నాకే తెలియదు.

అద్దాలు తీశాక, ఆ తొక్కుడు కాళ్ళలో ఉండగానే లేచాను. ఆయన భుజం పట్టుకుని గుమ్మం దాకా నడిచాను. నేల జారలేదు.

"సొక్కా బతికిపోనాది," అన్నారాయన, కళ్ళు తుడుచుకుంటూ.

వచ్చే ఆదివారం ప్రభువు బల్ల. ఈసారి నా కుర్చీ దగ్గరకు ఏమీ తేవద్దని చెప్పాను. చదువుతున్న మీరు ఉన్నచోటే నాతో ఒక్కసారి తల వంచండి: తండ్రీ, ఈ కాళ్ళు నీవి. నీ బల్ల దాకా నడిపించు. ఆమేన్.