అమ్మడానికి తీసుకెళ్లిన లారీ

మా తమ్ముడు ప్రకాశం తన పాత లారీని కడపలో అమ్మేయడానికి బయలుదేరిన రోజు నేనూ వెంట ఎక్కాను. కమలాపురం దగ్గర మా అత్తగారి ఊరి చర్చికి డోన్‌లో చేయించిన కొత్త బెంచీలు దించాలి. తర్వాత కడపలో బ్రోకరుకు తాళాలిచ్చి, ఇద్దరం బస్సులో ఇంటికి రావాలి. ఇరవై ఏళ్లు ఈ లారీ మీదే వాడు ఇద్దరు ఆడపిల్లల్ని చదివించాడు. ఆర్నెల్లుగా ఎత్తు కనిపిస్తే చాలు, ఆగిపోతోంది. ఇద్దరు మెకానిక్కులు చూసి డీజిల్ పంపు పోయిందన్నారు, ఈ వయసు బండికి కొత్తది వేయడం దండగన్నారు. సోమవారం నుంచి వాడు ఒక షావుకారు బండికి డ్రైవరుగా పోవాలి. యాభై రెండేళ్లకు అది వాడికి ఎంత చిన్నతనమో నాకు తెలుసు. పైకి మాత్రం పెళ్లికి పోతున్నట్టు తల దువ్వుకుని వచ్చాడు.

ఉదయం ఆరుంబావుకు డోన్ దాటాం. చదునులో బండి బుద్ధిగానే నడిచింది. నేను క్యాబిన్‌లో కాళ్లు చాపుకుని వాడి డ్రైవింగుకు వంకలు పెడుతూ కూర్చున్నాను. ఏడింటికి ప్యాపిలి ముందర ఎత్తులో ఇంజను దమ్ము తగ్గి, రెండుసార్లు కుదిపి ఆగిపోయింది.

"సూడక్కా, అమ్ముతాండానని దీనికి తెలిసిపోయినాది," అన్నాడు ప్రకాశం.

"దానికి తెలిసిందో లేదో గానీ నీకేమీ తెల్దు. దిగి సూడు పో."

పది నిమిషాలయ్యాక తాళం తిప్పితే ఏమీ ఎరగనట్టు లేచింది. ఇంకో కిలోమీటరు పోయి మళ్లీ ఆగింది. అట్లా ఆగుతూ లేస్తూ ప్యాపిలి చేరేసరికి ఎనిమిదిన్నర.

హోటల్లో ఉగ్గాని, బజ్జీ తింటుంటే పక్క బల్ల దగ్గర ఒక పెద్దాయన మా మాటలు చెవినేసుకున్నాడు. పేరు జిలానీ, ఎదురుగా ఉన్న లారీ షెడ్డు ఆయనదే.

"ఆగినాక యెంతసేపటికి లేస్తాదప్పా?" అని అడిగాడు.

"పది నిమిషాలకు, భాయ్," అన్నాడు ప్రకాశం.

"పంపు పోయుంటే పది నిమిషాల్లో దానంతటదే బాగైతాదా? నా మోకాలు పోయి పదేండ్లాయ, ఇంతవరకు బాగు కాలేదే!"

ముప్పై ఏళ్లు నర్సుగా చేసినదాన్ని. రోగిని ముట్టుకోకముందే సరైన ప్రశ్న అడిగే డాక్టర్లను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. నాకు ఆయన మీద గురి కుదిరింది.

మమ్మల్ని మళ్లీ అదే ఎత్తుకు తీసుకుపోయాడు. బండి ఆగగానే దిగి, ట్యాంకు నుంచి పంపుకు వచ్చే పైపు విప్పి, చేత్తో కొట్టే చిన్న పంపు కొట్టి చూశాడు.

"గాలి లాగుతాంటే బుడగలు రావాల. బుడగల్లేవు, డీజిలూ లేదు. యాడో అడ్డం పడినాది," అన్నాడు.

తర్వాత డీజిల్ క్యాను ఒకటి క్యాబిన్ పక్కన కట్టి, అందులోంచి నేరుగా పంపుకు ట్యూబు పెట్టాడు. బెంచీల బరువుతో సహా లారీ ఎత్తంతా ఒక్క ఊపులో ఎక్కేసింది. ప్రకాశం నమ్మలేక, కిందికి దిగి మళ్లీ ఎక్కించాడు.

"పంపు బంగారం. రోగం ట్యాంకులో ఉండాది," అన్నాడు జిలానీ.

షెడ్డుకొచ్చి ట్యాంకులో కొక్కెం పెట్టి లాగితే నీలం గుడ్డ ఒకటి బయటికొచ్చింది. పసుపు అంచు. అది నా పాత చీర ముక్కే. మా దుమ్ము దేశంలో క్యాన్లతో తెచ్చిన డీజిల్‌ను గుడ్డ కట్టి వడపోయనిదే ట్యాంకులో పోయం. వేరుశనగ కోతలప్పుడు నా పాత చీర చించి, ట్యాంకు మూతికి దారం కట్టకుండా ఊరికే పరిచి పోసింది నేనే. తర్వాత గుడ్డ కనిపించకపోతే గాలికి ఎగిరిపోయిందనుకున్నాను.

"ఎత్తులో ఇంజను గట్టిగా లాగితే గుడ్డ పోయి డీజిల్ లాగే గొట్టానికి అతుక్కుంటాది. ఆపితే ఊడి తేలతాది. శానా తెలివైన గుడ్డ!" అన్నాడు జిలానీ.

"నాదే తప్పురా. ఆర్నెల్లు నిన్ను ఏడిపించినా," అన్నాను ప్రకాశంతో. నిజంగానే సిగ్గుతో చచ్చిపోయాను.

వాడు టైరు పట్టుకుని కూలబడి, కళ్ల నీళ్లొచ్చేదాకా నవ్వాడు. "ఇద్దరు మెకానిక్కులకు నీ చీర దొరకలేదు కదక్కా!"

ట్యాంకు కడిగి, ఫిల్టరు మార్చి, పదకొండున్నరకు మమ్మల్ని వదిలాడు జిలానీ. పాత బండితో ఈ దారిన వచ్చేవారికి నా మాట ఒక్కటే: పంపును తిట్టే ముందు ట్యాంకులోకి తొంగి చూడండి. తాడిపత్రిలో భోజనం చేసి, నాలుగింటికి చర్చి దగ్గర బెంచీలు దించాం. అయిదున్నరకు కడపలో బ్రోకరు తాళాల కోసం చెయ్యి చాపాడు.

"ఏమనుకోవద్దప్పా, అమ్మేది లేదు," అన్నాడు ప్రకాశం.

"బాగైందా ఏమి? అట్లయితే రేటు పెంచుతా."

"యెంత పెంచినా అంతే."

తిరుగు ప్రయాణం కూడా లారీలోనే. ఇంత సుఖమైన బస్సు నేనెక్కలేదు. పొద్దు వాలుతుండగా ఎర్రగుంట్ల దాటాక షావుకారు ఫోను చేశాడు, సోమవారం డ్యూటీకి ఎన్నింటికి వస్తావని. ప్రకాశం బండిని రోడ్డు పక్కకు తీసి ఆపి, కిందికి దిగి, చొక్కా సర్దుకుని నిటారుగా నిలబడ్డాడు.

"రాలేను సార్. నాకు బండి ఉండాది," అన్నాడు.