కాలవ వదిలారా?

మా అత్తగారు పోయారు. మా మరిది ఫోన్ చేసేసరికి నేను బెంజ్ సర్కిల్ దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కుని ఉన్నాను. ఏడుపు కంటే ముందు, ఇంక ఆవిడ ఫోన్ రాదన్న సంగతి తట్టింది.

ఆవిడ ఫోన్ చేస్తే మొదటి మాట ఒకటే, "అమ్మాయ్, కాలవ వదిలారా?" అని. మా కాపురం విజయవాడలో కాబట్టి బ్యారేజీ తాళాలు నా కొంగున ఉంటాయని ఆవిడ నమ్మకం. పిల్లల క్షేమం ఆ తర్వాతే. నేను నవ్వేదాన్ని. కానీ వాళ్లది కాలువ చిట్టచివర, సముద్రానికి దగ్గర్లో ఉన్న ఊరు. కాలువ పారినన్నాళ్లూ పెరట్లో చేతిపంపు నీళ్లు బాగుంటాయి. కట్టేశాక నెమ్మదిగా ఉప్పెక్కుతాయి. అప్పుడు పప్పు ఉడకదు. పదేపదే మూత తీసి చూస్తూ, పప్పుకు బదులు ఆవిడే ఉడికిపోయేవారు.

చుట్టుపక్కల పొలాలన్నీ రొయ్యల చెరువులయ్యాయి. చెరువులో కలపడానికి మంచినీళ్లు కావాలని, ఈ పెరట్లో పెద్ద బోరు వేయిస్తానని పక్క చెరువు ఆసామి వచ్చాడు. ఆవిడ మజ్జిగ ఇచ్చి మర్యాద చేసి, కుదరదన్నారు. మా మరిది విసుక్కున్నాడు. ఆ సాయంత్రం ఆవిడ ఫోన్‌లో నాతో అన్నారు:

"మంచినీళ్లు మీగడలాగా పైపైనే ఉంటాయే. కాలవ ఇంకి ఇంకి కట్టిన మీగడ. మోటారు పెట్టి లాగితే కిందున్న ఉప్పంతా పైకొచ్చేస్తుంది. ఆ తర్వాత కాలవ వదిలినా ఏం లాభం?"

ఆ భయం నాకూ అంటించారు. వానలు ఆలస్యమైన ఏడాది నాకు తిండి సయించదు. ఇంట్లో కుళాయి తిప్పినప్పుడల్లా ఇవి ఎవరి వాటా నీళ్లో అనిపిస్తుంది. అందుకు ఆవిడకి రుణపడి ఉన్నాను, ప్రాణానికి సుఖం లేకపోయినా సరే.

పెద్దకర్మ అయిన మర్నాడు మా మరిది నా మొహంలోకి చూడకుండా, "అమ్మ లేదుగా వదినా, బోరుకి నేను సరేనన్నాను" అన్నాడు. వద్దన్నాను, గట్టిగానే అన్నాను. మాటిచ్చేశానన్నాడు.

అంతలోనే బోరు బండి వచ్చి గేటు ముందు ఆగింది. డ్రైవరు దిగి, కాసిని మంచినీళ్లు ఇప్పిస్తారా అని అడిగాడు. పంపు కొట్టి, చెంబు నింపి ఇచ్చాను. నిలబడే గటగటా తాగేశాడు.

"ఎంత తియ్యగా ఉన్నాయమ్మా మీ నీళ్లు" అంటూ చెంబు మళ్లీ చాపాడు.