ఆరు మోటార్లు ఆగిన గంట

బెంగళూరులో సేలం బస్సు ఉదయం ఆరుంబావుకు బయలుదేరుతుందని బోర్డు మీద రాసి ఉంటుంది. ఆ రోజు ఆరూ నలభైకి బయలుదేరింది. కిటికీ పక్క సీటు దొరికింది. ఒళ్లో తువ్వాలు చుట్టిన అట్టపెట్టె, అందులో ఒక చిన్న కంప్యూటరు. కాళ్ల దగ్గర క్యాసెట్ రికార్డరు.

ఈ ప్రయాణానికి కారణం మా పిన్ని రాజమ్మ రాసిన కార్డు. ఆమె ధర్మపురికి అవతల, వెల్లిచందై దగ్గరి ఒక చిన్న ఊళ్లో ప్రాథమిక పాఠశాల టీచరు. నేను బెంగళూరులో టీవీలు బిగించే కంపెనీలో పనిచేసేదాన్ని. కంపెనీవాళ్లు నమూనాకని తెప్పించి, అమ్ముడుపోదని మూలన పెట్టిన కంప్యూటరును అడిగి ఇంటికి తెచ్చుకున్నాను. దాన్ని టీవీకి తగిలించి సాయంత్రాలు కూర్చుని, పిల్లలను కూడికలు, తీసివేతలు అడిగే ప్రోగ్రాం ఒకటి రాశాను. ఆ సంగతి పిన్నికి ఉత్తరంలో చెబితే ఆమె నుంచి కార్డు వచ్చింది. పిన్నికి తెలుగు లిపి రాదు. తెలుగు మాటలనే తమిళ అక్షరాల్లో రాస్తుంది. ఎక్కడ క, ఎక్కడ గ అన్నది చదివేవాళ్లే తేల్చుకోవాలి. తేల్చుకున్నాక కార్డులో ఉన్నది ఇది:

"ఆ మిషను తీసుకొని రా. నా బడిలో మునిరత్న అని ఒక పిల్ల ఉండాది. మూడో తరగతి. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం. చేరిన కొత్తలో ఏదో మాట తప్పు పలికితే పిల్లలు నవ్వినారు. రెండేండ్లయింది, బడిలో నోరు తెరవలేదు. ఇంక మేకల వెంట పంపిస్తానంటా ఉంది వాళ్లమ్మ. మిషను నవ్వదు కదా."

కండక్టరు పెట్టెను చూసి ఏమిటని అడిగాడు. కంప్యూటరని చెప్పాను. టైపు మిషనా అన్నాడు. అలాంటిదే అన్నాను. టైపు మిషనుకు వేసే లగేజీ టిక్కెట్టే వేశాడు.

ఎనిమిదింటికి హోసూరు. అక్కడ ఎక్కి నా పక్కన కూర్చున్న పెద్దమనిషి పట్టుగూళ్ల వ్యాపారి. కృష్ణగిరి దాకా పెట్టెనే చూస్తూ వచ్చి, చివరికి అడిగాడు.

"ఇది ఏమి చేస్తుందమ్మా?"

"పిల్లలకు లెక్కలు నేర్పుతుంది."

"ఆ బడిలో వాద్యారు లేరా?"

"ఉన్నారు."

"మరి?"

ఇంతలో కృష్ణగిరి వచ్చింది. ఆయన దిగిపోయాడు. అక్కడ పది నిమిషాలు ఆగుతుంది. వడలు బాగుంటాయి, టీ వద్దు.

పదీ యాభైకి ధర్మపురి చేరాం. బస్టాండు ఎదురుగా ఇడ్లీ తిని, కాఫీ తాగి, పాలకోడు వైపు వెళ్లే టౌను బస్సెక్కాను. ఈ దారిన వెళ్లేవారికి ఒక మాట. బెంగళూరు నుంచి హోసూరు, రాయకోట, పాలకోడు మీదుగా నేరుగా రావచ్చు. ధర్మపురి దాకా పోయి వెనక్కి రావలసిన పని లేదు. ఇది నాకు దిగాక పిన్ని చెప్పింది.

వెల్లిచందై దాటాక పిన్ని రోడ్డు మీదే నిలబడి ఉంది. బడికి వెళ్లేసరికి మధ్యాహ్న భోజనం వడ్డిస్తున్నారు. నేనూ పిల్లల పక్కన కూర్చుని అన్నం, సాంబారు తిన్నాను. గోడ వారన పలక ఒళ్లో పెట్టుకుని ఒక్కతే కూర్చున్న పిల్లను పిన్ని కళ్లతోనే చూపించింది. నూనె పెట్టి బిగించిన రెండు జడలు. నేను నవ్వితే తల దించుకుంది.

ఊళ్లో ఒకే టీవీ ఉంది. అది గోవిందరాజులు నాయుడిది. దాన్ని ఎద్దులబండి మీద, బొంతలో చుట్టి తెచ్చాడు. ముందు వరసలో తనకు కుర్చీ వేయాలన్నది ఆయన షరతు. వేశారు. రెండింటికి వైర్లన్నీ తగిలించి క్యాసెట్ పెట్టాను. ప్రోగ్రాం టేపు నుంచి కంప్యూటరులోకి ఎక్కడానికి నాలుగు నిమిషాలు పడుతుంది. ఆ నాలుగు నిమిషాలూ కీచుమని శబ్దం వస్తుంది. పిల్లలు చెవులు మూసుకున్నారు. మూడు నిమిషాలకు టీవీలో బొమ్మ అన్ని వైపులా కుంచించుకుపోయి ఆరిపోయింది. మళ్లీ పెట్టాను. మళ్లీ ఆరిపోయింది.

నాయుడు పైనున్న బల్బు వైపు చూశాడు. అది అగ్గిపుల్ల చివరలా ఎర్రగా ఉంది.

"వోల్టేజి లేదమ్మా. మోటార్లు ఆడతా ఉండాయి."

"ఎన్ని మోటార్లు?"

"ఈ లైనులో ఆరు. ఒకటి నాదే."

"ఒక గంట ఆపలేరా?"

"పగలు కరెంటిచ్చేదే నాలుగు గంటలు. తక్కాలి నారు నాటి వారం కాలేదు. ఎండితే మీ మిషను నీళ్లు పోస్తుందా?"

తక్కాలి అంటే టమాట. ఆయన అన్నదాంట్లో తప్పేమీ లేదు. నాకు మరుసటిరోజు మధ్యాహ్నమే తిరుగు బస్సు. కంప్యూటరును మళ్లీ అట్టపెట్టెలో పెట్టాను. పిన్ని చెప్పులు తొడుక్కుంది.

ఆ సాయంత్రం పొద్దుపోయేలోగా ఆమె వెనకే ఆరు ఇళ్లూ తిరిగాను. పిన్ని ఎక్కడా కంప్యూటరు గొప్పతనం చెప్పలేదు. "రేపు పదకొండు నుంచి పన్నెండు దాకా మోటారు ఆపండి. మీ పిల్లలకే" అంది, అంతే. ఆ ఆరుగురి పిల్లలూ ఆమె దగ్గర చదివినవాళ్లో, చదువుతున్నవాళ్లో. ఇద్దరు సరేనన్నారు. ఇద్దరు నాయుడు ఆపితే తామూ ఆపుతామన్నారు. ఐదో ఆయన నాయుడు ఆపడని, కాబట్టి తాను మాటివ్వడానికి అడ్డేమీ లేదని మాటిచ్చాడు. నాయుడి ఇంటికి చివర వెళ్లాం. ఆయన చాలాసేపు మీసం దువ్వుకుని, "సరే. ఒక గంట. పన్నెండయితే నేను ఎవరి మాటా వినను" అన్నాడు.

ఏడో ఇల్లు మునిరత్న వాళ్లది. మోటారు లేదు, మేకలున్నాయి. వాళ్లమ్మ ఎల్లమ్మ పాలు పితుకుతూ తలెత్తకుండా మాట్లాడింది.

"మాట్లాడని పిల్లకు చదువెందుకు టీచరమ్మా? మేకలతో అయితే బాగా మాట్లాడతాది."

"రేపు నువ్వు కూడా వచ్చి చూడు ఎల్లమ్మా" అంది పిన్ని.

మరుసటిరోజు పదకొండుకు మోటార్లు ఒక్కొక్కటే ఆగాయి. ఆగినట్టు బడిలోకి వినిపించింది. బల్బు తెల్లబడింది. మేం లెక్కలోకి తీసుకోనిది ఒకటుంది. మోటార్లు ఆపినవాళ్లకు ఆ గంట పనేమీ లేదు. ఆరుగురూ భుజాన తువ్వాళ్లతో బడికి వచ్చారు. నాయుడు తన కుర్చీలో కూర్చుంటే, తక్కిన ఐదుగురూ పిల్లల వెనక గోడకు ఆనుకుని నిలబడ్డారు. ఎల్లమ్మ గుమ్మం దగ్గర నిలబడింది.

టేపు ఒక్కసారికే ఎక్కింది. తెర మీద అంకెలు కనిపించగానే గదిలో గుసగుసలు ఆగిపోయాయి. జవాబు సరైతే కంప్యూటరు మూడు చిన్న స్వరాలు పలుకుతుంది. తప్పయితే బర్రుమంటుంది. పిల్లలు ఒక్కొక్కరే వచ్చి మీటలు నొక్కారు. ఐదూ నాలుగూ తొమ్మిది. మూడు స్వరాలు. ఎనిమిదిలో రెండు పోతే ఆరు. మూడు స్వరాలు. గోడ దగ్గరున్నవాళ్లు కూడా జవాబులు చెప్పడం మొదలుపెట్టారు. మునిరత్న వంతు వచ్చినప్పుడు పిన్ని పిలిచింది. పిల్ల కదల్లేదు. పిన్ని బలవంతపెట్టలేదు. ఇంత దూరం మోసుకొచ్చింది ఆ పిల్ల కోసమే.

తర్వాత సెల్వం వచ్చాడు. తరగతిలో అందరికంటే చురుకైనవాడు. వాడికి వచ్చిన లెక్క: మూడులోంచి ఏడు తీసెయ్యి.

సెల్వం నాలుగు నొక్కాడు. బర్రుమంది. మళ్లీ నాలుగు నొక్కాడు. బర్రుమంది. పది నొక్కాడు. దానికీ బర్రుమంది.

"నాలుగే కదా?" అన్నాడు నాయుడు కుర్చీలోంచి.

పిన్ని నా వైపు చూసింది. పెద్ద అంకె ముందు రావాలన్న నియమం ప్రోగ్రాంలో నేను పెట్టనే లేదు. ఇంట్లో ఇలాంటి లెక్క వస్తే మైనస్ నాలుగని నొక్కి ముందుకు పోయేదాన్ని. అందులో తప్పుందని నాకు తోచలేదు. అది ఒప్పుకోవడానికి నోరు తెరుస్తుండగా గోడ వారనుంచి వినిపించింది.

"పోదు."

అందరం తిరిగి చూశాం. మునిరత్న పలకను ఎదకు అదుముకుని లేచి నిలబడింది.

"మూడులో ఏడు పోదు టీచర్. మూడు మేకలుంటే ఏడు ఎట్ల అమ్మేది? ఆ మిషనుకు తెలీదు."

చెప్పిందంతా తెలుగులోనే. ఎవరూ నవ్వలేదు. వెనక నిలబడ్డ తండ్రులందరిదీ అదే భాష.

పిన్ని గొంతు సవరించుకుంది. ఆ బడిలో ఆమె ఎన్నడూ తెలుగులో పాఠం చెప్పలేదు. "మళ్లా ఒకసారి చెప్పు మునిరత్నా, అందరికీ వినబడేటట్ల" అంది తెలుగులో. పిల్ల మళ్లీ చెప్పింది, ఈసారి వేళ్లు చూపించి. సెల్వం తమిళంలో "ఆమా, పోగాదు" అని ఒప్పుకున్నాడు.

"తప్పు మిషనుది కాదు, నాది" అన్నాను నేను.

మునిరత్న నా వైపు సూటిగా చూసింది. "సరిచేస్తావా?"

"చేస్తాను."

"ఎప్పుడు?"

"ఈ రోజే."

సరేనన్నట్టు తలూపి కూర్చుంది. పన్నెండు కొట్టగానే నాయుడు లేచాడు. ఐదు నిమిషాలకు మోటార్ల చప్పుడు వినిపించింది. టీవీలో బొమ్మ కుంచించుకుపోయి ఆరిపోయింది.

ఎల్లమ్మ వెళ్తూ పిన్ని దగ్గర ఆగింది. "మధ్యాన్నం దాకా మేకలను నేనే చూసుకుంటాను. అప్పటిదాకా బడిలో ఉండనీ. ఆ తర్వాత నాకు కావాల" అంది. పిన్నికి కావలసింది మొత్తం రోజు. దొరికింది సగం రోజు. తీసుకుంది.

మూడింటికి పాలకోడు మీదుగా పోయే హోసూరు బస్సు దొరికింది. రోడ్డు మీద పిన్ని చెప్పింది, "భోజనాల దగ్గర ఆ పిల్ల సెల్వంతో పోట్లాడింది. అప్పళం కోసం." ఆమె కళ్లు తుడుచుకుంటుంటే నేను బస్సు వస్తున్న వైపు చూశాను.

రాయకోట దగ్గర బస్సు ఇరవై నిమిషాలు ఆగింది. నోటు పుస్తకం తీసి, ముందు వచ్చే అంకె ఎప్పుడూ పెద్దదే ఉండేలా, ప్రోగ్రాంలో చేర్చాల్సిన ఒక వరస రాశాను. బెంగళూరులో ఎవరైనా మిషను ఎలా పనిచేసిందని అడిగితే, ఒక్క లెక్క తప్ప అన్నీ సరిగానే అడిగిందని చెప్పాలి. పిల్ల మాట్లాడింది ఆ ఒక్క లెక్కకే అని కూడా చెప్పాలి.

ప్రోగ్రాం మొదట్లో రాసినవాళ్ల పేరు పెట్టుకునే అలవాటుంది. నా పేరు కింద ఇంకో వరస చేర్చాను. దిద్దినది మునిరత్న, మూడో తరగతి.